నెల్లూరు, ప్రకాశం ఎండల్లో ఇంటి ముందు లాన్: తొలకరి నుంచి రోహిణి దాకా

లాన్ పెంపకం మీద మనకు దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాల లెక్కకు రాసినవి. మంచు కరిగాక ఎరువు వెయ్యమంటాయి, ఆకులు రాలే కాలంలో విత్తనం చల్లమంటాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఆ క్యాలెండర్ పట్టుకుని కూర్చుంటే గడ్డి దక్కదు. మనకు నైరుతి వానలు అంతంతమాత్రమే. నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య వాయుగుండాలతో వచ్చి పడుతుంది. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ, దానికి తోడు మధ్యాహ్నం వడగాలి. అదే గడ్డి నవంబరులో మునుగుతుంది, ఆరు నెలలు తిరిగేసరికి మాడుతుంది.

మా ఇంటి ముందు 500 చదరపు అడుగుల గడ్డి ఉంది. దాన్ని చూసుకోవడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో నాకు తేలింది ఇది: ఇక్కడ లాన్ ఎండ వల్ల కన్నా నీళ్ళ వల్లే ఎక్కువ పాడవుతుంది. వేసవిలో రోజూ కాసిని కాసిని చిలకరించి వేళ్ళను పైపైనే ఉంచేస్తాం. కార్తీకంలో నిలిచిన నీటికి దారి చూపించక కుళ్ళబెడతాం. నీళ్ళ సంగతి సరిచేసుకుంటే ఎరువులు, మందులు చాలా చిన్న విషయాలు. అందుకే ఇందులో నీళ్ళ గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదట కొలత, ఆ తర్వాత నీళ్ళ లెక్క

లాన్ ఎంత పెద్దది వేసుకోవాలో ఖాళీ స్థలాన్ని బట్టి కాదు, మే నెలలో మీ బోరు ఇచ్చే నీటిని బట్టి నిర్ణయించుకోండి. కొలత అంకణాల్లో వద్దు. అంకణం లెక్క ఊరూరికీ మారుతుంది. టేపు పెట్టి చదరపు అడుగుల్లో కొలవండి, ఎరువుల లెక్కకూ అదే పనికొస్తుంది.

500 చదరపు అడుగుల మీద ఒక అంగుళం మందాన నీళ్ళు నిలపాలంటే దాదాపు 1,180 లీటర్లు కావాలి. అంటే మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి నిండుగా పోసినా కాస్త తక్కువే. నడి వేసవిలో గడ్డికి వారానికి అంగుళం నుంచి అంగుళంన్నర దాకా పడుతుంది. ఇంట్లో వాడకం పోగా వారానికి ఒకటిన్నర, రెండు ట్యాంకులు గడ్డికి ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే సగం స్థలంలో గడ్డి వేసి, మిగతా సగంలో గంగరావి, వేప లాంటి చెట్లకో, నందివర్ధనం, గన్నేరు లాంటి పూలచెట్లకో చోటివ్వండి. చిన్న లాన్ పచ్చగా ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. పెద్ద లాన్ మచ్చలు మచ్చలుగా ఎండితే మనసు చివుక్కుమంటుంది.

తర్వాత నీళ్ళ రుచి. కనిగిరి, పొదిలి వైపు బోర్లలో ఉప్పు, ఫ్లోరైడ్ ఎక్కువ. సముద్రం పక్క ఊళ్ళలో వేసవి వస్తే ఉప్పదనం పెరుగుతుంది. వాటర్ ప్లాంట్ వాళ్ళ దగ్గరుండే, నీటిలో కరిగిన ఉప్పుల్ని చూపించే చిన్న టీడీఎస్ మీటరుతో మీ బోరు నీటిని ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చూపించుకోండి. మీటరు అంకె వెయ్యి లోపు ఉంటే ఏ గడ్డయినా బతుకుతుంది. వెయ్యి నుంచి రెండు వేల దాకా ఉంటే గరిక జాతి పరవాలేదు, మిగతావాటికి కష్టం. రెండు వేలు దాటితే ఉప్పును తట్టుకునే పాస్పాలం రకం దొరికితేనే లాన్ ఆలోచన పెట్టుకోండి. ఒక హెచ్చరిక: ఆర్వో మిషన్ నుంచి వృథాగా పోయే నీటిని రోజూ లాన్‌కు మళ్ళిస్తుంటారు చాలామంది. ఆ నీళ్ళలో బోరు నీటి కన్నా ఎక్కువ ఉప్పు ఉంటుంది. మంచి నీళ్ళు కలపకుండా దాన్నే పోస్తూ పోతే ఆరు నెలల్లో మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. వాషింగ్ మిషన్ నీళ్ళూ అంతే, సబ్బు పొడిలో సోడియం ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు నిక్షేపంగా పోయొచ్చు.

ఏ గడ్డి వెయ్యాలి

వినాయక చవితి పొద్దున పిల్లలు గట్ల వెంట తిరిగి కోసుకొచ్చే గరికే లాన్ గడ్డికి మూలం. చేలల్లో మనం కలుపని పీకిపారేసేది, ఎండకు మాడి మసైపోయినా ఒక్క జల్లుకు మళ్ళీ చిగురించేది అదే. నర్సరీల్లో సెలెక్షన్ వన్ అనో, బెర్ముడా అనో అమ్మేది ఈ గరిక జాతిలో సన్న రకం. రోజుకు ఆరు గంటల ఎండ తగిలే చోటైతే, పిల్లలు ఆడుకునే ఇల్లయితే, బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటే కళ్ళు మూసుకుని ఇదే వేసుకోండి. తరచూ కొయ్యాలి, అదొక్కటే దీనితో పని.

మెక్సికన్ గడ్డి మెత్తగా, ముదురు పచ్చగా, తివాచీ పరిచినట్టు ఉంటుంది. రోజుకు నాలుగైదు గంటల ఎండ ఉన్నా సరిపెట్టుకుంటుంది, మెల్లగా పెరుగుతుంది. కానీ కొయ్యకుండా వదిలేస్తే రెండేళ్ళలో బొప్పెలు బొప్పెలుగా ఉబ్బి, కాలు వేస్తే స్పాంజిలా కుంగుతుంది. పైన పచ్చగా ఉన్నా లోపల అరచేతి మందాన ఎండుగడ్డి పేరుకుని ఉంటుంది. దీనికి పని తక్కువ అనే మాట నమ్మి వేసుకున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

మామిడి నీడలోనో, ఇంటికి ఉత్తరం వైపో అయితే వెడల్పాటి ఆకుల కార్పెట్ గ్రాస్ ఒక్కటే దారి. దానికి నీళ్ళు ఎక్కువ కావాలి. చిక్కటి నీడలో అదీ నిలవదు. అక్కడ గడ్డి కోసం ఏటా డబ్బు పోసే కన్నా రాళ్ళు పరిచి నాలుగు కుండీలు పెట్టుకోవడం మేలు.

గడ్డిని చాపల్లా చుట్టి అమ్ముతారు, కడియం నర్సరీల నుంచీ బెంగళూరు వైపు నుంచీ లారీల్లో వస్తుంది. చాప కొనేముందు ఒక మూల ఎత్తి వేళ్ళ వైపు చూడండి. తుంగ గడ్డలు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. మొదటిసారి నేను చూడకుండా దింపించుకున్నాను. అమ్మినవాళ్ళు ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆ తుంగను వదిలించుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

నేల తయారీ: నెల రోజుల పని

మన వైపు కొత్త ఇళ్ళ చుట్టూ ఉండేది మట్టి కాదు. రోడ్డు కన్నా మెరక చెయ్యాలని గ్రావెల్ తోలిస్తాం, దాని మీద మేస్త్రీలు పారేసిన సిమెంటు ముద్దలు, టైల్స్ ముక్కలు, సున్నం. దాని మీద నాలుగంగుళాల ఎర్రమట్టి పోసి గడ్డి పరిస్తే మొదటి ఏడాది పచ్చగానే ఉంటుంది. రెండో వేసవికి వేళ్ళు కిందికి పోలేక మాడిపోతుంది.

మొదటి పని: గునపంతో 9 నుంచి 12 అంగుళాల లోతు తవ్వించి రాళ్ళూ పెచ్చులూ ఏరించండి. గ్రావెల్ గట్టిగా ఉంటే ఆ మేరకు తీసేసి మంచి మట్టి నింపాల్సిందే. ఇక్కడ ఆదా చేసే డబ్బు తర్వాత పదేళ్ళు ఖర్చవుతూనే ఉంటుంది.

రెండో పని: తుంగ. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. తుంగ కాడను రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పండి, మూడు పలకలు తగులుతాయి. గడ్డి కాడకు అలా ఉండదు. మొక్కను పట్టి లాగితే సులువుగానే చేతికొస్తుంది, కానీ అసలుది లోపలే ఉండిపోతుంది. బొరిగెతో మెల్లగా తవ్వి చూస్తే వేలి గోరంత నల్లటి గడ్డ కనిపిస్తుంది. దాని నుంచి సన్నటి తీగ లాంటి వేరు, ఆ వేరు చివర ఇంకో గడ్డ, అక్కడి నుంచి మరొకటి, జపమాలలా సాగిపోతుంది. గిల్లితే ఘాటైన వాసన. పై మొక్కను లాగినప్పుడు నిద్రపోతున్న ఆ గడ్డలన్నీ మేల్కొంటాయి. అందుకే లాగేకొద్దీ తుంగ పెరిగినట్టు అనిపిస్తుంది.

కాబట్టి తవ్వి ఏరిన నేలను వెంటనే నాటొద్దు. బాగా తడిపి పది, పన్నెండు రోజులు వదిలెయ్యండి. మొలిచిన తుంగనంతా గడ్డతో సహా తవ్వి తీసి బకెట్లో వేసి బయట పారెయ్యండి. మళ్ళీ తడపండి, మళ్ళీ మొలవనివ్వండి, మళ్ళీ తియ్యండి. ఇలా మూడు విడతలు. మే నెల ఎండలో తిరగదవ్వి వదిలేస్తే పైకొచ్చిన గడ్డలు సగం ఎండి చస్తాయి కాబట్టి ఈ పని వేసవి చివర పెట్టుకుంటే కలిసొస్తుంది.

మూడో పని: వాలు. నూరడుగులకు ఒక అడుగు చొప్పున, ఇంటి గోడ నుంచి గేటు వైపుకో కాలువ వైపుకో వాలు ఉండాలి. 20 అడుగుల లాన్‌కు రెండున్నర అంగుళాలు. కంటితో చూస్తే తెలియదు, మేస్త్రీ దగ్గర ఉండే లెవల్ పైపు పెట్టి చూడాలి. కాంపౌండ్ గోడ అడుగున నీళ్ళు పోవడానికి రెండు మూడు చోట్ల పైపు ముక్కలు పెట్టించి, వాటికి జాలీ బిగించండి.

నేను మొదటి లాన్ వేసింది 2015 జూలైలో. వాలు గోడ వైపుకే ఉంది, గోడకు తూము లేదు. ఆ నవంబరులో నెల్లూరులో కురిసిన వానలు ఇక్కడివాళ్ళు ఎవరూ మర్చిపోలేదు. నాలుగు రోజులు చీలమండ లోతు నీళ్ళు నిలిచాయి. ఐదో రోజున నీళ్ళు తీసి చూస్తే గడ్డి పసుపు రంగుకు తిరిగి, మురుగు కాలువ వాసన. చేత్తో పట్టి లాగితే వేళ్ళు లేకుండా ఊడొచ్చింది. ఇరవై వేలు పోయాయన్న దాని కన్నా, మూడు వందల రూపాయల పైపు ముక్క పెట్టించి ఉంటే సరిపోయేదన్న బాధే ఎక్కువ.

నాలుగో పని: మట్టిని బట్టి కలిపేవి. 500 చదరపు అడుగులకు పావు టన్ను బాగా మాగిన పశువుల ఎరువు. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు. పచ్చి ఎరువు వేస్తే చెదలు, వేరు పురుగు, సగం ఊరి కలుపు విత్తనాలు కలిసి వస్తాయి. దానితో పాటు 10 కిలోల వేపపిండి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి అయితే ఎండకు బీటలు వారుతుంది, వానకు బంకలా పట్టేస్తుంది. అలాంటి చోట పైన ఆరంగుళాల్లో మూడో వంతు ముతక ఇసుక, 20 కిలోల జిప్సం కలపాలి. కావలి, సింగరాయకొండ వైపు ఇసుక నేలలకు దీనికి తలకిందులు లెక్క: ఇసుక వద్దు, చెరువు మట్టీ పశువుల ఎరువూ రెండింతలు వెయ్యాలి, లేకపోతే పోసిన నీరు నిలవదు.

నాటడం: ఆషాఢ, శ్రావణాల్లో

జూలై, ఆగస్టుల్లో నాటితే చిన్న చిన్న జల్లులకు వేరు పట్టి, అక్టోబరు నాటికి నేలంతా కప్పుకుంటుంది. అప్పుడు పెద్ద వాన పడ్డా మట్టి కోసుకుపోదు. ఆ అదను తప్పితే సంక్రాంతి వెళ్ళాక ఫిబ్రవరిలో నాటండి. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం నాటొద్దు. ఒక్క రాత్రి వానకు కాడలన్నీ కొట్టుకుపోయి ఒక మూల పోగవుతాయి.

చవక దారి కాడలు నాటడం. రెండు మూడు కణుపులున్న కాడల్ని తుంచి, 3 నుంచి 4 అంగుళాల ఎడంగా, ఒక కణుపు మట్టిలోకి పోయేలా వేలితో నొక్కడమే. వరి నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు ఈ పని మనకన్నా పదింతలు వేగంగా, శుభ్రంగా చేస్తారు. మొదటి రెండు వారాలు పొద్దునా సాయంత్రం పలచగా తడి ఇవ్వాలి. రోజూ తడి పెట్టాల్సిన కాలం లాన్ జీవితంలో ఇదొక్కటే. చాపలు పరిచేట్టయితే అంచులు ఒకదానికొకటి ఆనించి, ఇటుక గోడలా కీళ్ళు మార్చి పరచండి, సందుల్లో ఇసుక నింపండి, పైన రోలర్ దొర్లించండి. రోలర్ లేకపోతే నీళ్ళు నింపిన చిన్న డ్రమ్ము చాలు.

గడ్డి రెండంగుళాలు పెరిగాక మొదటి కోత. తొందరపడి ముందే కోస్తే వేరు పట్టని కాడలు మిషన్‌కు చుట్టుకుని లేచిపోతాయి.

తొలకరి నుంచి దసరా దాకా: పెరిగే కాలం

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఎండ మరుసటి రోజే తగ్గదు కానీ గాలిలో తేడా తెలుస్తుంది. మొదటి మంచి జల్లు పడ్డాక వారం ఆగి, 500 చదరపు అడుగులకు అర కిలో యూరియా. ఇంతకు మించి ఒక్క గుప్పెడు కూడా వద్దు. అర కిలో యూరియాను నాలుగైదు కిలోల పొడి ఇసుకలో కలిపి, సగం తూర్పు పడమరలుగా, సగం ఉత్తర దక్షిణాలుగా చల్లితే చారలు పడవు. ఆకు పొడిగా ఉండాలి, చల్లిన వెంటనే నీళ్ళు పెట్టాలి. తడి ఆకు మీద పడ్డ యూరియా గుండు ఎక్కడ పడితే అక్కడ ఆకును కాలుస్తుంది. ఇదే మోతాదు ఆగస్టు మొదట్లో ఇంకోసారి. సెప్టెంబరు నెలాఖరు తర్వాత యూరియా ఆపెయ్యండి. వానల్లో లేత గడ్డికి తెగుళ్ళు వెంటనే అంటుకుంటాయి.

ఈ నాలుగు నెలలూ వారానికోసారి కొయ్యాలి. గరిక జాతిని అంగుళం నుంచి అంగుళంన్నర, మెక్సికన్‌ను కూడా దాదాపు అంతే, కార్పెట్ గ్రాస్‌ను రెండు నుంచి రెండున్నర అంగుళాల ఎత్తులో ఉంచండి. ఎప్పుడూ ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి తియ్యొద్దు. ఊరెళ్ళి మూడు వారాలకు వచ్చారు, గడ్డి నాలుగంగుళాలు పెరిగింది. ఒకేసారి ఒకటిన్నరకు దించితే కింది పసుపు కాడలు బయటపడి లాన్ అంతా ఎండిన వరి కొయ్యల్లా అవుతుంది. నాలుగు రోజుల ఎడంతో మూడు కోతల్లో దించండి.

కోశాక ఒంగి ఒక ఆకు కొనను చూడండి. కొన గీత గీసినట్టు తెగిందా, నలిగి తెల్లటి పీచులా వేలాడుతోందా? పీచులా ఉంటే బ్లేడు మొద్దుబారింది. రెండు రోజుల్లో లాన్ మీద బూడిద రంగు పొర కప్పినట్టు కనిపిస్తుంది. తోటమాలి దాన్ని తెగులు అనుకుని మందు కొడతాడు. కత్తులు సాన పట్టేవాడి దగ్గర బ్లేడు పదును పెట్టిస్తే చాలు. సన్నగా తెగిన ముక్కల్ని లాన్‌లోనే వదిలెయ్యండి, ఎరువవుతాయి. గుత్తులు గుత్తులుగా పడితే మాత్రం దంతెతో లాగెయ్యాలి. రోడ్డు పక్క చెత్త కోసే బ్రష్ కట్టర్లతో లాన్ కోయించొద్దు, ఎత్తుపల్లాలు చేసి వదిలేస్తాయి.

ఈ కాలంలో కలుపు: పావిలి, నేల ఉసిరి, గడ్డిచేమంతి లాంటివి వాన పడ్డ మర్నాడు చేత్తో పీకితే వేరుతో వచ్చేస్తాయి. పూత పూయకముందే పీకాలి. తుంగ తేలితే బొరిగెతో గడ్డదాకా తవ్వి తియ్యాలి. చేయి దాటిపోతే చెరకులో తుంగకు కొట్టే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ ఉంది, గరిక జాతి, మెక్సికన్ దాన్ని తట్టుకుంటాయి. ఎకరాకే 36 గ్రాముల మందు. 500 చదరపు అడుగులకు అర గ్రాము కూడా పట్టదు. అందుకని అందాజుగా కలపకండి, నగల తూకం లాంటి చిన్న త్రాసు కావాలి. చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ముందు ఒక మూల గజం చోటులో కొట్టి పది రోజులు చూసి మిగతాది కొట్టండి. గ్లైఫోసేట్ జోలికి అసలు వెళ్ళొద్దు, అది పచ్చగా ఉన్న ప్రతిదాన్నీ చంపుతుంది, మీ గడ్డితో సహా.

గోరింకలు ఒక్కసారిగా గుంపుగా దిగి లాన్ పొడుస్తుంటే సంతోషించకండి, లోపల లద్దె పురుగు ఉండొచ్చు. బకెట్ నీళ్ళలో రెండు చెంచాల గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి గజం చోటులో పొయ్యండి. పురుగులుంటే కొద్ది నిమిషాల్లో పైకి పాకుతాయి. తక్కువగా ఉంటే పక్షులకే వదిలెయ్యండి. ఎక్కువైతే సాయంత్రం పూట లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి కొట్టండి.

స్వాతి, విశాఖ కార్తెలు: వాయుగుండాల కాలం

అక్టోబరు మొదటి వారంలో ఒక పూట కేటాయించి గోడ తూముల జాలీలు శుభ్రం చెయ్యండి, లాన్ అంచున పేరుకున్న మట్టిని పారతో చెక్కి కాలువ దారి తెరవండి. నాలుగు పళ్ళ ఫోర్కుతోనో, పొడవాటి ఇనుప చువ్వతోనో జానెడు ఎడంగా నాలుగంగుళాల లోతు గుచ్చండి. నీళ్ళు కిందికి దిగడానికి ఇది పెద్ద సాయం.

వాన నిలిచాక నీళ్ళు ఒక రోజు కన్నా ఎక్కువ నిలబడనివ్వకండి. అవసరమైతే చిన్న మోటారు పెట్టి తోడెయ్యండి. బాపట్ల దగ్గర తీరం దాటిన 2023 డిసెంబరు నాటి మిచాంగ్ తుపానుకు మా వీధంతా మునిగింది. ఈసారి తూములు పనిచేశాయి, పొద్దున్నకు లాన్ తేలింది. కానీ గడ్డి మీద వేలెడు మందాన ఒండ్రు. దాన్ని ఆరనివ్వకుండా పైపు పెట్టి కడిగేశాం. ఆరి పెంకు కడితే గడ్డికి ఊపిరాడదు. నేల బురదగా ఉన్నన్ని రోజులు ఎవర్నీ లాన్ మీద నడవనివ్వలేదు. తడి నేల మీద నడిచిన ప్రతి అడుగూ మట్టిని ఇటుకలా బిగిస్తుంది.

తెరిపి ఇచ్చిన రోజుల్లో గుండ్రటి గోధుమరంగు మచ్చలు కనిపిస్తే, మచ్చ అంచున తడి బూజులా ఉంటే అది బూజు తెగులు. సాయంత్రం నీళ్ళు ఆపండి, యూరియా వద్దు, లీటరుకు రెండున్నర గ్రాముల మాంకోజెబ్ కలిపి మచ్చల మీద, చుట్టూ మూరెడు మేర కొట్టండి. పది రోజులకు ఇంకోసారి. ఎక్కువసార్లు మందు లేకుండానే, ఎండ కాస్తే తగ్గిపోతుంది.

చలికాలం: డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా

మన చలి ఏపాటిది, రాత్రి 20 డిగ్రీల దగ్గరే. అయినా గడ్డి పెరుగుదల తగ్గుతుంది, రెండు మూడు వారాలకో కోత చాలు. నీళ్ళు వారానికోసారి, అదీ పొద్దున పూట.

ఈ రోజుల్లోనే చాలామంది లాన్ పసుపు తిరుగుతుంది, నత్రజని తక్కువైందని యూరియా పోస్తారు. ఆకును దగ్గరగా చూడండి: ఈనెలు పచ్చగా, మధ్య భాగం పాలిపోయి ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న మన నేలల్లో, ఉప్పు బోరు నీళ్ళు పెట్టే చోట ఇది మామూలే. నిమ్మతోటల రైతులు, వేరుశనగ రైతులు కొట్టేదే మందు: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు. అప్పటికప్పుడు కలిపి ఎండ తగ్గాక కొట్టండి, వారం తేడాతో రెండుసార్లు. గ్రానైటు మెట్ల మీద, టైల్స్ మీద తుంపర పడితే తుప్పు మరక పడి ఎంత తోమినా పోదు. ముందే గోనెపట్టాలు కప్పండి.

ఫిబ్రవరి రెండో పక్షంలో, రాత్రి వేడి మొదలవుతుండగా ఏడాదికోసారి చేసే పెద్ద పని ఉంది. ఇనుప దంతెతో గడ్డిని అటూ ఇటూ గట్టిగా దువ్వండి. కాడల మధ్య పేరుకున్న ఎండు పీచు గంపలకొద్దీ వస్తుంది. అర అంగుళానికి మించి పేరుకుంటే నీళ్ళు ఆ పీచులోనే ఆగిపోతాయి, మట్టిని చేరవు. దువ్వాక లాన్ చూడ్డానికి భయం వేసేలా ఉంటుంది, టెన్షన్ పడకండి. రెండు పాళ్ళ జల్లించిన ఇసుక, ఒక పాలు మాగిన ఎరువు కలిపి పావు అంగుళం మందాన చల్లండి. 500 చదరపు అడుగులకు సిమెంటు సంచులతో ఎనిమిది సంచులు పడుతుంది. చీపురు కట్టతో అటూ ఇటూ ఊడిస్తే సందుల్లోకి దిగిపోతుంది. ఆకు కొనలు పైకి కనిపిస్తూ ఉండాలి, పూడ్చెయ్యకూడదు. ఇసుక ముతకగా, ఉప్పు లేనిదై ఉండాలి. పెన్న ఇసుక చక్కగా సరిపోతుంది, సముద్రపు ఇసుక పనికిరాదు. పల్లాలుంటే ఇప్పుడే కాస్త ఎక్కువ వేసి సరిచెయ్యండి.

దీనితో పాటు అర కిలో యూరియా, మార్చి మొదట్లో అర కిలో సల్ఫేట్ ఆఫ్ పొటాష్. ఎర్ర పొటాష్ చవకే కానీ అందులో క్లోరైడ్ ఉంటుంది, ఉప్పు నీళ్ళ లాన్‌కు అది మంచిది కాదు. పొటాష్ వేసిన గడ్డి ఎండను బాగా ఓర్చుకుంటుంది.

ఎండాకాలం: నీళ్ళు తాగించడం

మా పక్కింటి పెద్దాయన కోవూరు వైపు వ్యవసాయం చేసి వచ్చినవాడు. నేను రోజూ సాయంత్రం పైపు పట్టుకుని చిలకరిస్తుంటే గోడ మీంచి చూసి అన్నాడు: "అబ్బయా, తడిపితే సరిపోదు, తాగించాల." ఆ మాట నా లాన్‌ను మార్చేసింది. రోజూ పైపైన తడిపితే వేళ్ళు తడి ఉన్న చోటే, పై రెండంగుళాల్లోనే ఉండిపోతాయి. మే నెలలో ఆ రెండంగుళాలే పెనంలా కాలేది.

తాగించడమంటే తడి ఐదారు అంగుళాల లోతుకు దిగేలా ఒకేసారి పెట్టి, మళ్ళీ పై మట్టి ఆరేదాకా ఆగడం. స్ప్రింక్లర్ ఉంటే లాన్ మీద నాలుగు చోట్ల నిటారు అంచులున్న స్టీలు డబ్బాలు పెట్టి, అర అంగుళం నీళ్ళు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో స్కేలుతో చూసుకోండి. ఆ సమయం ఒకసారి తెలిస్తే ఏడాదంతా అదే లెక్క. మార్చిలో వారానికి రెండుసార్లు, ఏప్రిల్ నెలాఖరు నుంచి మూడుసార్లు, ప్రతిసారీ ఆ అర అంగుళం. గంట తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి, తడి ఉన్నంతవరకు సులువుగా దిగుతుంది. నల్లరేగడి నెమ్మదిగా పీల్చుకుంటుంది కాబట్టి సగం పెట్టి, అరగంట ఆగి, మిగతా సగం పెట్టండి. ఇసుక నేలలో తక్కువ తక్కువగా, నాలుగుసార్లు పెట్టాల్సి రావచ్చు.

వేళ తెల్లవారుజాము, నాలుగున్నర నుంచి ఆరు మధ్య. గాలి ఉండదు, ఎండకు ఆవిరి కాదు, ఆకు పొద్దెక్కేసరికి ఆరుతుంది. నీళ్ళు ఎప్పుడు పెట్టాలో గడ్డే చెబుతుంది: సాయంత్రం లాన్ మీద నడిచి వెనక్కి తిరిగి చూడండి. గడ్డి లేచి నిలబడితే ఇంకో రోజు ఆగొచ్చు. అడుగుల గుర్తులు అలాగే ఉండి, రంగు పచ్చ నుంచి నీలి బూడిదకు తిరిగితే మర్నాడు పొద్దున నీళ్ళు తప్పదు. ఉప్పు నీళ్ళవాళ్ళు నెలకోసారి రెండింతలు నీళ్ళు పెట్టి ఉప్పును కిందికి కడగాలి. ఆ రోజుకు ట్యాంకరు మంచినీళ్ళు దొరికితే ఇంకా మేలు.

కోత ఎత్తును మార్చి నుంచే అర అంగుళం పెంచండి. పొడవు గడ్డి తన వేళ్ళకు తానే నీడ పడుతుంది. పది పన్నెండు రోజులకో కోత. ఏప్రిల్ మధ్య నుంచి మృగశిర దాకా యూరియా పేరెత్తొద్దు. గోడ పక్కన, సిమెంటు నడకదారి పక్కన గడ్డి ముందుగా మాడుతుంది, ఆ జానెడు మేర మాత్రం విడిగా బకెట్‌తో పొయ్యండి.

మే నెలాఖరున రోహిణి కార్తెలో బోరు తగ్గిపోయి నీళ్ళు లేకపోతే? పచ్చగా ఉంచాలన్న పంతం వదిలేసి గరిక జాతి లాన్‌ను నిద్రపోనివ్వండి. రంగు గడ్డివాములా మారుతుంది. పది రోజులకోసారి అర అంగుళం ఇస్తే చాలు, కణుపులు బతికే ఉంటాయి. ఆ నిద్రలో ఉన్నప్పుడు కొయ్యొద్దు, నడవొద్దు, ఎరువు వెయ్యొద్దు. అనుమానంగా ఉంటే ఒక ఎండిన కాడను తీసి కణుపు దగ్గర గోటితో గీకండి. లోపల లేత ఆకుపచ్చ తగిలితే అది బతికే ఉంది. మెక్సికన్, కార్పెట్ గ్రాస్ అంతకాలం ఓపిక పట్టవు, ఉన్న నీళ్ళు ముందు వాటికి ఇవ్వండి.

మృగశిరలో మొదటి జల్లు పడ్డ మూడో రోజో నాలుగో రోజో పొద్దున్నే వంగి చూడండి. గడ్డివాము రంగు మధ్యలో, కణుపు కణుపు దగ్గరా సూది మొనంత పచ్చదనం కనిపిస్తుంది. అప్పటికి మిషన్ బ్లేడు సాన పట్టించి సిద్ధంగా ఉంచుకోండి.